వకాల్తు లేని వకీలు

జర్మనీ దేశమునందు ఆర్.టి.ఎల్. అను టెలివిజను సంస్థవారు 2016వ సంవత్సరపు క్రిస్‌మసు దినములలో ‘విన్నెటూ’ యను మూడు భాగముల చిత్రమును ప్రసారము చేసిరి. పురాణము బ్రతికియే యున్నదను అర్థము వచ్చు ఉపశీర్షిక యొకటి దానికి తగిలించిరి. కార్ల్ మై అను జర్మను రచయిత పందొమ్మిదవ శతాబ్దపు చివర వ్రాసిన సాహసకథ దీనికి మూలము. 1962 మొదలుకొని ఈ రచయిత కథలు వరుసగా వెండితెర కెక్కి ఆ దేశపు బాలురను ఉఱ్ఱూత లూగించెను. తాతలు మెచ్చిన కథను మనుమలకు క్రొత్త వన్నెలతో చూపవలెనని ఫిలిప్ ష్టోల్జల్ అను దర్శకుడు పూనుకొనగా ఈ చిత్రము పుట్టినది. పాతది మేలా, క్రొత్తది మేలా యను ముచ్చట మాకక్కరలేదు. మేమడుగ దలచిన ప్రశ్న యొక్కటియే: అపాచీ జనుల తరఫున ఈ కథలో వాదించుచున్న వకీలునకు వకాల్తు ఇచ్చినవారెవరు?

దూరదేశపు బొమ్మతో తెలుగు పాఠకులకేమి పని యని కొంద రడుగవచ్చును. పని కలదు. 1492లో కొలంబసు తాను చేరినది హిందూదేశమని భ్రమపడి అచ్చటి జనులకు ఇండియనులని పేరు పెట్టెను. ఐదువందల యేండ్లు గడచినను ఆ పొరపాటు మాసిపోలేదు. మన బడిపిల్లల పుస్తకములలో సైతము వారు ‘రెడ్ ఇండియను’ లైరి. మన పేరును మోయుచున్న జాతుల వ్యాజ్యమును ఒక్కపరియైనను మనము చెవినిడి వినుట న్యాయము. అంతకు మించిన కారణము మఱొకటి కలదు. దానిని కడపట చెప్పుదుము.

కథ తెలియనివారికై సంగ్రహముగా చెప్పెదము. శాక్సనీ ప్రాంతపు జర్మను యువకుడొకడు అమెరికాకు పోయి, రైలుదారి వేయుటకై అపాచీల భూమిని కొలుచు పనిలో చేరును. ఒక్క పిడికిటి పోటుతో ఎదిరిని నేలగూల్చు బలశాలి యగుటచే అతనికి ఓల్డ్ షాటర్‌హాండ్ అను పేరు కలుగును. అపాచీ నాయకుని కుమారుడగు విన్నెటూ మొదట అతనికి శత్రువై, పిదప రక్తము కలిపి సోదరుడగును. విన్నెటూ చెల్లెలు ఆ యువకుని ప్రేమించును. బంగారమున కాశపడిన దుర్మార్గుడొకడు ఆమెను, ఆమె తండ్రిని చంపివేయును. మూల గ్రంథములో కడకు విన్నెటూయు మరణించును. మరణించునప్పుడు తాను క్రైస్తవుడనని చెప్పి మరణించును. మఱియొక విశేషము గమనింపుడు. ఈ విన్నెటూకు చదువును, సంస్కారమును నేర్పిన గురువు కూడ స్వదేశము విడిచిపోయిన జర్మనుడే! అనగా ఆ ఆదిమవీరుని ఔదార్యము సైతము అతని జాతి సొమ్ము కాదు; జర్మనీ నుండి అరువు దెచ్చుకొన్నది. గురువు జర్మనుడు, సోదరుడు జర్మనుడు, కథ చెప్పువాడు జర్మనుడు. అపాచీకి మిగిలిన పని యేమి? గుఱ్ఱమెక్కుట, ప్రేమింపబడుట, చచ్చుట.

ఈ కథ చెప్పిన వకీలు చరిత్ర ఎట్టిదో చూతము. కార్ల్ మై 1842లో శాక్సనీయందు బీద సాలెవాని యింట పుట్టెను. దొంగతనములకు, మోసములకు శిక్షలు పడి 1865 మొదలు 1874 వఱకు గల కాలములో అధికభాగము కారాగృహములలో గడపెను. మేము దీనిని ఎత్తిపొడుపునకై చెప్పుట లేదు. చెరసాలనుండి వెడలి కలము పట్టి కోట్ల ప్రతులమ్ముడుపోవు గ్రంథములు వ్రాసినవాని పట్టుదలను మెచ్చుకొనవలసినదే. ఐతే ఇతడు కథలు వ్రాసి యూరకుండలేదు. ఆ కథలలోని ఓల్డ్ షాటర్‌హాండును తానే యని లోకమును నమ్మించెను. ఆ వేషము వేసికొని ఛాయాపటములు తీయించుకొనెను. విన్నెటూ తుపాకి యిదియే యని చెప్పి స్వదేశపు పనివాని చేత చేయించిన తుపాకిని అభిమానులకు చూపెను. తనకు లేని డాక్టరు బిరుదును తగిలించుకొనెను. తన యింటికి విల్లా షాటర్‌హాండ్ అని పేరు పెట్టుకొనెను. కథానాయకుని అమెరికా యంతయు త్రిప్పిన యీ మహానుభావుడు 1908వ సంవత్సరము దాక అమెరికా గడ్డపై కాలు మోపినవాడు కాడు! అప్పుడైనను తూర్పు ప్రాంతములను, నయాగరా జలపాతమును చూచి మరలి వచ్చెను గాని, అపాచీల సీమయగు నైరృతి ఎడారుల దరిదాపులకు పోలేదు. మఱి నాలుగేండ్లకు, 1912లో, మరణించెను.

ఇఁక వకీలు అట్లుండగా కక్షిదారు లెచ్చట నుండిరి? ‘విన్నెటూ’ మొదటి సంపుటము 1893లో వెలువడినది. ఆ సంవత్సరమున చిరికాహువా అపాచీలు అలబామా రాష్ట్రములోని సైనిక శిబిరమునందు యుద్ధఖైదీలుగ నుండిరి. 1886 సెప్టెంబరు 4వ తేదిని జెరోనిమో అను వారి యోధుడు జనరల్ మైల్సునకు లొంగిపోయెను. అంతట స్త్రీలను, శిశువులను, తుదకు అమెరికా సైన్యమునకే దారి చూపి కొలువు చేసిన అపాచీలను సైతము రైలుబండ్ల కెక్కించి ఫ్లోరిడాకు పంపిరి. అచ్చటినుండి అలబామాకు, 1894లో ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కు తరలించిరి. పిల్లలను తల్లుల యొడి నుండి తీసికొనిపోయి, 1879లో స్థాపింపబడిన కార్లయిల్ పాఠశాలయందు చేర్చి, జుట్టు కత్తిరించి, తల్లిభాష పలుకరాదని శాసించిరి. ఆ పిల్లలలో అనేకులు మరల తల్లిని చూడలేదు. ఇరువదియేడేండ్లు గడచిన పిమ్మట, 1913లో, చెర ముగిసెను. అప్పటికి జెరోనిమో చనిపోయి నాలుగేండ్లయినది. 1909లో ఖైదీగానే కన్నుమూసెను.

పాఠకులు ఈ యొక్క విషయమును మనస్సున నిలుపుకొందురు గాక. ఆ జెరోనిమో తన చరిత్రను తానే చెప్పదలచి, చెప్పగా అది 1906లో అచ్చయ్యెను. అచ్చగుటకు ముందు, ఖైదీ గనుక, తన కథను తాను చెప్పుకొనుటకు అమెరికా దేశాధ్యక్షుడగు రూజ్‌వెల్టుగారి యనుమతి కావలసివచ్చెను! ఎన్నడును అపాచీ సీమను చూడని శాక్సనీ రచయితకు అపాచీ కథ చెప్పుటకు ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను. ఒకే కాలము, ఒకే జాతి కథ. ఒకని నోటికి తాళము, మఱియొకని కలమునకు సింహాసనము. మేము చెప్పదలచినదంతయు ఈ రెండు మాటలలోనే యున్నది.

చలనచిత్రముల సంగతికి వత్తము. 1960 దశకపు చిత్రములలో విన్నెటూ వేషము ధరించినవాడు పియెర్ బ్రీస్ అను ఫ్రెంచివాడు. అతని తెల్ల సోదరుడుగా నటించిన లెక్స్ బార్కర్ అంతకుముందు టార్జాను వేషము వేసిన అమెరికనుడు. అపాచీల ఎడారికి బదులు నాటి యుగోస్లావియాలోని కొండలు, సరస్సులు. అర్ధశతాబ్దము గడచిన పిదప తీసిన 2016 నాటి చిత్రమును కూడ ఆ క్రొయేషియా కొండలలోనే తీసిరి. విన్నెటూ వేషము ఈసారి నిక్ జెలిలాయ్ అను ఆల్బేనియా నటునికి దక్కినది. చెల్లెలి వేషము మెక్సికో నటికి. తండ్రి వేషమును గొయ్కో మీతిచ్ అను సెర్బియా నటుడు ధరించెను. ఇతడు పూర్వము తూర్పు జర్మనీ చిత్రములలో ఆదిమవీరుల వేషములకు పేరు మోసినవాడు. ఫ్రెంచివాడు పోయి ఆల్బేనియా వాడు వచ్చెను, సెర్బియా వాడును వచ్చెను. అపాచీ మాత్రము ఇంకను రాలేదు.

క్రొత్త చిత్రము చేసిన మేలును దాచుట ధర్మము కాదు. పాత చిత్రములకంటె ఇందులో మట్టియు, చెమటయు కలవు. ఆదిమజనులు విరిగిన జర్మను భాషలో మాటలాడుట మాని తమలో తాము ఒక అమెరికా జాతి భాషలో మాటలాడుదురు. మంచిదే. ఐతే ఏ భాషలో? లకోటా భాషలో. లకోటా యనగా ఉత్తరపు మైదానములలోని సూ జనుల భాష. అపాచీ భాష దానితో సంబంధము లేని వేఱొక కుటుంబమునకు చేరినది. తంజావూరు రైతు కథను తీసి, పాత్రల చేత కాశ్మీరీ పలికించి, సహజత్వము కొఱకు ఎంత శ్రమపడితిమో చూడుడని చెప్పుకొన్నయెడల మన మేమందుము? ఎవరిది యైననేమి, చెవికి వింతగా నున్న చాలునను భావమే ఇందులో నున్నది. క్రొత్త కథలో నాయకుని పేరు సైతము కార్ల్ మై యే! రచయిత బ్రతికియుండగా చెప్పిన అబద్ధమును అతడు చనిపోయిన నూఱేండ్లకు టెలివిజనువారు నిజము చేసి యిచ్చిరి.

దీనిని సమర్థించువారు మూడు వాదములు తెచ్చుచున్నారు. ఒక్కొక్కదానినే విమర్శింతము.

మొదటి వాదము: హాలీవుడ్డువారు ఆదిమజనులను రాక్షసులుగ చూపిన కాలమున జర్మనులు ఈ కథను చదివి వారిని ప్రేమించిరి గదా, ప్రేమ తప్పా? ప్రేమ తప్పు కాదు. కార్ల్ మై శాంతిని కోరినవాడే. బలవంతుని దౌర్జన్యమును ఏవగించుకొన్నవాడే. ఆ మాట నొప్పుకొందము. కాని ఆ ప్రేమ ఎవరినైనను కాపాడినదా యని చూడవలెను. కన్నీరు కార్చిన ఆ తరములోనే, 1904 మొదలు 1908 వఱకు, నైరృతి ఆఫ్రికాలోని తమ వలస రాజ్యమునందు జర్మను సేనలు హెరెరో, నామా జాతులను నాశనము చేసెను. జర్మను హద్దులలో కనబడిన హెరెరోవానిని, ఆయుధము చేత నున్నను లేకున్నను, కాల్చి వేయవలసినదని జనరల్ ఫాన్ ట్రోథా 1904 అక్టోబరు 2వ తేదిని శాసనము చేసెను. ఎడారిలోనికి తఱుమబడినవారు నీరు లేక చచ్చిరి. మిగిలినవారు నిర్బంధ శిబిరములలో చచ్చిరి. హెరెరోలలో ఐదింట నలుగురు, నామాలలో సగము నశించిరని అంచనా. చచ్చినవారి పుఱ్ఱెలను శాస్త్రపరిశోధన పేరిట బెర్లినుకు తరలించిరి. పరుల రాజ్యములో పరులు చంపిన జాతికై ఏడ్చుటకు ఖర్చేమి? తన సిపాయి చంపుచున్నప్పుడు ఏడ్చుట ప్రేమ. సముద్రము ఆవల ఉన్న శవముపై పుష్పము వేసి, ఇంటి పెరటిలోని శవముపై మన్ను కప్పువానిని సానుభూతిపరుడని ఎవరందురు?

2021 మే నెలలో జర్మనీ ప్రభుత్వమువారు ఈ మారణకాండను జాతిసంహారమని ఒప్పుకొని, ముప్పదియేండ్లలో నూటపది కోట్ల యూరోలు నమీబియాకు ఇత్తుమనిరి. పరిహారమను పేరు మాత్రము దానికి పెట్టమనిరి. ఒప్పుకొనుట మంచిది. కాని సంప్రదింపులు ప్రభుత్వముల నడుమ సాగినవనియు, చచ్చినవారి సంతతియగు తమకు అందులో తగిన పీఠము వేయలేదనియు హెరెరో, నామా నాయకులు పలువురు మొఱపెట్టిరి. చూచితిరా? ఇచ్చటను వకాల్తు ప్రశ్నయే! బాధితుని పేర కథ నడుచును, వ్యాజ్యము నడుచును, రాజీ నడుచును. బాధితుడు మాత్రము కచేరీ గడప వెలుపల నిలువవలెను.

రెండవ వాదము: ఇది కథ, చరిత్ర కాదు; కథను కథగా చూడుడు. కథయే యైనచో ఆ జాతి పేరు ఎందుకు? ఊహాలోకమునకు ఊహానామము పెట్టరాదా? బ్రతికియున్న జాతి పేరును, వేషమును, మరణమును వాడుకొని లాభము తీయునప్పుడు నిజమనియు, లెక్క అడుగునప్పుడు కథయనియు చెప్పుట న్యాయస్థానములో చెల్లదు. కార్ల్ మై పేర రాడెబోయిల్ పట్టణములో 1928లో వెలసిన మ్యూజియమునందు ఆదిమజనుల తలల నుండి ఒలిచిన చర్మములను ప్రదర్శనమున కుంచిరి. 2014లో అమెరికాలోని ఒక జాతివారు తమ పూర్వుల అవశేషములను అప్పగింపుడని అడిగిరి. ఏండ్ల తరబడి సంప్రదింపులు నడిచిన పిమ్మట వానిలో ఒకటి స్వజనులకు చేరెను. కథ కథయే, కాని గాజుపెట్టెలోని ఆ చర్మము కథ కాదు.

మూడవ వాదము అన్నిటికంటె గట్టిది: ఏ జాతి కథను ఆ జాతివాడే చెప్పవలెనన్నచో సాహిత్యమే యుండదు, మీరు గ్రంథములను తగులబెట్టుడనెదరా? అనము. 2022లో విన్నెటూ బాల్యకథగా తీసిన మఱియొక చిత్రమునకు అనుబంధములగు పిల్లల పుస్తకములను రావెన్స్‌బుర్గర్ అను ప్రకాశకులు విమర్శలకు వెఱచి వెనుకకు తీసికొనిరి. దేశమంతయు రెండుగా చీలి కలహించెను. పుస్తకమును అల్మారాలో నుండి తీసివేసినంత మాత్రమున అపాచీ నోటికి మాట వచ్చునా? రాదు. నిషేధముల చేదు నెఱిగిన జాతికి చెందిన మేము నిషేధమును ఎన్నడును కోరము. మేము కోరునది చేర్చుట గాని తీసివేయుట కాదు. జర్మను చూచినది జర్మను చెప్పవచ్చును. అపాచీ చూచినది అపాచీయు చెప్పవలెను. ఇద్దఱి సాక్ష్యమును న్యాయాధిపతి వినవలెను. ఒక సాక్షిని బంధించి, రెండవ సాక్షి వాఙ్మూలమునే తీర్పుగ చదువుట మేము సహింపము.

ఆదిమజనులు తమ కథ తాము చెప్పలేరను మాట ఎప్పుడో కొట్టువడిపోయినది. 1998లో వెలువడిన ‘స్మోక్ సిగ్నల్స్’ చిత్రమునకు కథకుడును దర్శకుడును అమెరికా ఆదిమజాతులవారే. ఉత్తర కెనడాలోని ఇన్యుయిట్ జాతీయుడగు జకరియాస్ కునుక్ తన జనుల చేత వారి భాషలోనే నటింపజేసిన ‘అటనర్జువాట్’ చిత్రము 2001లో కాన్ ఉత్సవమున బహుమానమందెను. 2021 మొదలు 2023 వఱకు వెలువడిన ‘రిజర్వేషన్ డాగ్స్’ అను టెలివిజను ధారావాహికను నడిపినవారు ఆదిమజనులే. అందలి పాత్రలు నవ్వుదురు, పోట్లాడుదురు, అప్పులు చేయుదురు. తెల్లవాని యొడిలో తలపెట్టి మరణింపరు. 2016లో చిత్రము తీయబూనిన వారికి తెలియక కాదు; అక్కరలేక పిలువలేదు.

మన అనుభవమును కూడ మఱవరాదు. 1939లో హాలీవుడ్డు ‘గంగా దీన్’ అను చిత్రము తీసెను. ఆంగ్ల సిపాయిల కొఱకు తన జాతివారిపై కొమ్మూది ప్రాణమిచ్చు నీళ్లమోయువాడు అందులో పుణ్యాత్ముడు. స్వదేశమునకై కత్తి పట్టినవాడు పిశాచము. ఆ నీళ్లమోయువాని వేషమును అమెరికనుడే మొగమునకు రంగు పూసికొని ధరించెను. వంగ రాష్ట్రమునను బొంబాయిలోను ఆ చిత్రమును ఆపివేసిరి. మన మప్పుడు ఏల మండిపడితిమి? వాడు మనలను తిట్టినందులకు మాత్రమే కాదు. మనలను మెచ్చుకొన్న తీరునకు. యజమాని సేవలో చచ్చిన బానిసయే మంచివాడను ఆ మెప్పు తిట్టుకంటె హీనము. విన్నెటూకు దక్కిన మెప్పును ఆ కొలతతోనే కొలిచి చూడుడు.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన మాట చెప్పెదము. జర్మనుని వేలెత్తి చూపిన చేతిని మనవైపు త్రిప్పుకొనక తప్పదు. ఆదిలాబాదు అడవులలో నిజాము ప్రభుత్వము నెదిరించి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొఱిగిన కొమురం భీము గోండు. 2022లో మనవారు తీసిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రము లోకమంతట జయభేరి మ్రోయించినది, మేమును సంతోషించితిమి. కాని చివర ఆ భీమునకేమి కావలెనని నాగరక సోదరుడు అడుగగా, తనకు చదువు చెప్పుమని అతడు అర్థించును! అడవిని, నేలను, నీటిని అడిగి ప్రాణమిచ్చినవాని చేతికి పలక ఇచ్చి పంపితిమి. విన్నెటూకు గురువును తెచ్చిన కార్ల్ మైకిని మనకును భేద మెంత? 1922–24 నాటి మన్యపు పితూరీలో అల్లూరి సీతారామరాజుగారికి చేతులెత్తి మ్రొక్కుదుము, మ్రొక్కవలసినదే. గాము గంటందొర, గాము మల్లుదొరల పేరులు ఎన్ని పఠనమందిరములలో వినబడుచున్నవి? మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికైన సంగతి మనలో నెందఱికి తెలుసును?

జర్మను భాష మాటలాడు మఱియొకని చరిత్ర ఈ గడ్డమీదనే కలదు. వియన్నాలో 1909లో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అను పండితుడు భీము మరణానంతరము గోండుల స్థితిగతులను విచారించుటకై నిజాము ప్రభుత్వముచే నియుక్తుడయ్యెను. అతని వకాల్తు ప్రభుత్వమిచ్చినదే గాని గోండు లిచ్చినది కాదు. ఐనను అతడు మార్లవాయి గ్రామమునకు పోయి, గుడిసెలో కాపురముండి, వారి భాష నేర్చి, వారి మాట విని వ్రాసెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులను తయారు చేయు కేంద్రము వెలసెను; గోండి భాషలో వాచకములు పుట్టెను; భూములకు పట్టాలు వచ్చెను. ఆయన భార్య సమాధి నేటికిని ఆ గ్రామముననే యున్నది. ఇంటిలో కూర్చుండి సోదరుడనని చెప్పుకొన్నవానికిని, గుడిసెకు పోయి శిష్యుడైనవానికిని గల దూరము ఇది.

మన యెదుట నున్న పరీక్ష సినిమాతో తీరునది కాదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల వశము కారాదని 1959 నాటి రెగ్యులేషను, దానిని బిగించిన 1970 నాటి ఒకటవ నంబరు సవరణ స్పష్టముగ చెప్పుచున్నవి. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు ఆ సూత్రమునకు మఱింత బలమిచ్చిరి. భీముని బొమ్మ చూచి చప్పట్లు కొట్టి, మఱునాడు ఏజెన్సీలో బినామీ పేర ఎకరము కొను పెద్దమనిషి మన పట్టణములలో లేడని ఎవరైనను గుండెమీద చేయి వైచుకొని చెప్పగలరా? అట్టివాడు విన్నెటూకై యేడ్చి హెరెరోను మఱచినవానికి తోబుట్టువే.

కావున పాఠకమహాశయులారా! దూరమందలి వీరునికై కార్చు కన్నీరు సులభము. ప్రక్కనున్నవాని మాట వినుట కష్టము. గోండు, కోయ, చెంచు, సవర విద్యార్థి తన భాషలో తన తాతల కథ వ్రాసి తెచ్చినప్పుడు దానిని అచ్చువేయుడు. వాని గ్రామపు పట్టా కాగితములు న్యాయస్థానమునకు వచ్చినప్పుడు వాని పక్షమున నిలువుడు. నిలుచుటకు ముందు వాని వకాల్తు అడిగి పుచ్చుకొనుడు. వకాల్తు లేని వకీలు ఎంత తియ్యగా వాదించినను, తీర్పు వెలువడినప్పుడు నేల ఎవరిది కావలెనో వారిది కాదు.